నోటు మీద వికటకవి

చేతికొచ్చిన నోటు మీద నంబరును శ్రద్ధగా చదివేవాళ్లు మన దగ్గర ముఖ్యంగా మూడు రకాలు. మొదటివాళ్లు ఏసీబీ అధికారులు. లంచం అడిగాడని ఒక ఉద్యోగి మీద ఫిర్యాదు రాగానే, ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లన్నీ మధ్యవర్తుల సమక్షంలో ఒక్కొక్కటిగా రాసుకుంటారు. ఆ తర్వాత నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. సొమ్ము చేతులు మారాక ఆ ఉద్యోగి వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. పేపర్లో ఫొటో వచ్చేది ఆ గులాబీ నీళ్లదే. కానీ సొరుగులో దొరికిన నోట్లు తాము పంపినవేనని చూపించడానికి అధికారులు ఆధారపడేది పొద్దున రాసుకున్న నంబర్ల మీద.

రెండో రకం హవాలా వాళ్లు. అవతలి ఊళ్లో డబ్బు అందుకోవాల్సిన మనిషి తన జేబులో ఉన్న పది రూపాయల నోటు నంబరును ముందుగా ఫోన్లో పంపిస్తాడు. తర్వాత ఆ నోటు తెచ్చి చూపించినవాడికే సొమ్ము. రసీదు లేదు, సంతకం లేదు. లక్షల రూపాయలకు ఆ పది రూపాయల నోటే తాళంచెవి.

మూడో రకానికి ఇలాంటి అవసరాలేమీ లేవు. వాళ్లు సరదాకు చదువుతారు. బ్యాంకు కౌంటరు వెనక, కిరాణా కొట్టు గల్లా దగ్గర, పెట్రోలు బంకులో, ఆర్టీసీ కండక్టరు సంచి పక్కన ఇలాంటివాళ్లు ఎక్కడోచోట తగులుతూనే ఉంటారు. నోట్లు లెక్కపెడుతున్న బొటనవేలు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ నోటు పక్కకు వెళ్తుంది. దాని బదులు సొంత జేబులోంచి ఇంకో నోటు కట్టలోకి వస్తుంది. లెక్క సరిపోయింది, ఎవరికీ నష్టం లేదు. ఆ రోజుకు ఒక 454545 మాత్రం ఇంటికి చేరింది.

ఈ సరదాకు మన దేశంలో ‘ఫ్యాన్సీ నంబర్ల సేకరణ’ అని పేరు. బండికి 9999 కావాలని రవాణా శాఖ వేలంలో లక్షలు పోసేవాళ్ల గురించి అందరికీ తెలుసు. నోట్ల వ్యవహారం అంత ఖరీదైంది కాదు. కళ్లు చురుగ్గా ఉంటే పది రూపాయలతో మొదలుపెట్టవచ్చు.

ఒక కొత్త అయిదు వందల నోటు తీసి బల్ల మీద పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. ముందు వైపు పైన ఎడమ మూలన ఒకసారి, కింద కుడి మూలన ఇంకోసారి ఒకే నంబరు ఉంటుంది. మొదట అంకెలు, ఇంగ్లిషు అక్షరాలు కలిసిన మూడు గుర్తులు. వాటిని ప్రిఫిక్స్ అంటారు. ఆ తర్వాత ఆరు అంకెలు. ప్రిఫిక్స్ గుర్తులన్నీ ఒకే ఎత్తు. తర్వాతి అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ పెద్దవవుతాయి, వయసు వరసన నిలబెట్టిన పిల్లల్లా. దొంగ నోట్లు కొట్టేవాళ్లకు పని కష్టం చేయడానికి రిజర్వు బ్యాంకు 2015లో ఈ మార్పు తెచ్చింది. అతినీలలోహిత దీపం కింద పెడితే ఆ నంబరు మెరుస్తుంది కూడా. నోటు తిప్పితే అచ్చయిన సంవత్సరం కనిపిస్తుంది. అది 2005 నుంచి వస్తున్న అలవాటు. సేకర్త కంటికి ఇవన్నీ కలిపి ఒక చిరునామా. గవర్నరు సంతకం, సంవత్సరం, ప్రిఫిక్స్, నంబరు. చివరి ఆరు అంకెల్లోనే అసలు ఆట.

ఒక్కో ప్రిఫిక్స్ కింద వరస 000001తో మొదలవుతుంది. 000000 చలామణిలోకి రాదు, అది నమూనా నోట్ల నంబరు. అటు చివర పది లక్షలు. ఇక్కడే చిన్న చిక్కుంది. పది లక్షలు రాయడానికి ఆరు గళ్లు చాలవు, ఏడు కావాలి. అలా ఏడంకెలతో 1000000 అని అచ్చయిన పాత నోట్లు అప్పుడప్పుడు వేలాల్లో తేలుతుంటాయి. వాటికోసం పోటీ మామూలుగా ఉండదు.

ఈ మధ్యలో ఉన్న లక్షల నంబర్లలో ఏవి ప్రత్యేకం? ఆరు అంకెలూ ఒకటే అయితే ‘సాలిడ్’. 111111 నుంచి 999999 దాకా ఒక ప్రిఫిక్స్‌లో తొమ్మిదే ఉంటాయి. నూరు నోట్ల కట్టలు పది వేలు విప్పితే ఆ తొమ్మిదీ దొరుకుతాయన్నమాట. 123456లా మెట్లెక్కేవి, 987654లా మెట్లు దిగేవి ‘లాడర్లు’. 012345ను, 543210ను కలుపుకొన్నా ఎక్కేవి అయిదు, దిగేవి అయిదు. 427427లా మూడంకెలు రెండుసార్లు వచ్చినా, 454545లా రెండంకెలు మూడుసార్లు వచ్చినా ‘రిపీటర్’. 000007 లాంటివి ‘లో నంబర్లు’.

ఇక ‘రాడార్’. 482284లా ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే నంబరు ఇది. ఇంగ్లిషులో ఆ మాటను ఎటునుంచి చదివినా అదే కాబట్టి ఆ పేరు పెట్టారు. తెలుగువాళ్లకు ఇంత దూరం పోవాల్సిన పని లేదు. తెనాలి రామకృష్ణుడి పుణ్యమా అని మనకు వికటకవి ఉన్నాడు. కిటికి ఉంది, జలజ ఉంది. మన సేకర్తలు దీన్ని ‘వికటకవి నంబరు’ అని ఎందుకు పిలవరో తెలియదు, పిలిస్తే బాగుండేది. లెక్కల మీద ఇష్టమున్న పిల్లలకు ఇంకో ముచ్చట. ఇలాంటి ఆరంకెల వికటకవి ఏదైనా సరే, పదకొండుతో శేషం లేకుండా భాగించవచ్చు. 482284ను భాగించి చూడండి, 43844 వస్తుంది.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. 777777 ఒక ప్రిఫిక్స్‌లో ఒక్కటే ఉంటుంది కాబట్టి విలువైనది అంటారు. మరి 482913? అదీ ఒక్కటే. దానిలాంటి నోటు ఆ ప్రిఫిక్స్‌లో ఇంకోటి అచ్చు కాలేదు. అరుదు అనే కొలతతో చూస్తే రెండూ సమానమే. కానీ 482913ను కొట్లో ఇచ్చి ఉల్లిపాయలు తెచ్చుకుంటాం, 777777ను అట్టల మధ్య దాచుకుంటాం. ఈ సేకరణలో విలువ అరుదుతనం నుంచి పుట్టదు, ఆ నంబరును చూసి ఎంతమంది ఆగుతారన్న దాన్నుంచి పుడుతుంది. యంత్రానికి రెండూ ఒకటే. తేడా చూసేవాడి కంట్లో ఉంది.

దీనికి 786ను మించిన రుజువు లేదు. ‘బిస్మిల్లా’ వాక్యంలోని అరబ్బీ అక్షరాలకు అబ్జద్ పద్ధతిలో ఉన్న విలువలన్నీ కూడితే 786 వస్తుంది. అందుకే ఉపఖండంలోని ముస్లింలు చాలామంది దాన్ని శుభంగా భావిస్తారు. 1975లో వచ్చిన హిందీ సినిమా ‘దీవార్’లో అమితాబ్ బచ్చన్ జేబులోని 786 నంబరు బిళ్ల ఆ నమ్మకాన్ని మతం గీత దాటించి ఊరూరా తిప్పింది. ఈరోజు నోట్లలో జనం ఎక్కువగా అడిగే నంబరు బహుశా ఇదే. మరి ఎంత అరుదు? వరసగా ఉన్న వెయ్యి నోట్ల బండిల్ ఏది తీసుకున్నా అందులో 786తో ముగిసేది తప్పకుండా ఒకటి ఉంటుంది. అంటే ఒక ప్రిఫిక్స్‌లో వెయ్యి. వికటకవి నంబర్లూ ఇంచుమించు అన్నే. ఇంత విరివిగా దొరికే నోటును లక్షలకు అమ్ముతామని ఎవరైనా అంటే అనుమానించాల్సింది వాళ్లనే. ఆ కథ ముందుంది. 000786, 786786 లాంటివి మాత్రం ప్రిఫిక్స్‌కు ఒక్కొక్కటే. వాటి లెక్క వేరు.

ప్రతి సమాజానికీ తనదైన అంకె ఒకటి ఉంటుంది. చైనావాళ్లకు 8 కలిసొచ్చే అంకె, 4 పలకడంలో చావును గుర్తుచేసే అంకె. తెలుగువాళ్లకు? పెళ్లి చదివింపుల్లో, సన్మానాల్లో, పౌరోహిత్యంలో నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు. నిజాం రాజ్యంలో ఉస్మానియా సిక్కా అనే సొంత రూపాయి ఉండేది. ఏడు సిక్కా రూపాయలకు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలు. ఆ లెక్కన నూరు బ్రిటిష్ రూపాయలు ఇవ్వాలంటే సిక్కాల్లో నూట పదహారు మీద కాస్త చిల్లర అవుతుంది. మన నూట పదహార్లు అక్కడినుంచే వచ్చాయని చెప్పేవాళ్లున్నారు, కాదు అంతకు ముందే ఉన్నాయని వాదించేవాళ్లూ ఉన్నారు. వాదం ఎటు తేలినా, 001116 నంబరున్న కొత్త నోటును పెళ్లికి కానుకగా ఇస్తే తెలుగింట్లో దాన్ని ఖర్చుపెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. 116తో ముగిసే నోటు 786తో ముగిసే నోటంత సులువుగానే దొరుకుతుంది. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి ఇంకా చవక.

ఆ సిక్కా మాట వచ్చింది కాబట్టి నిజాం నోట్ల గురించి ఒక్క మాట. 1918లో హైదరాబాదు రాజ్యానికి సొంత కాగితపు నోట్లు వేసుకునే అనుమతి వచ్చింది. మొదట పది, వంద రూపాయలవి, మరుసటి ఏడాది ఒకటి, అయిదు రూపాయలవి, 1926లో వెయ్యి రూపాయలవి. మొదట్లో ఇంగ్లండులోని వాటర్‌లో అండ్ సన్స్ అచ్చువేసింది. తర్వాత ఆ పని నాసిక్ ప్రెస్సుకు మారింది. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, కన్నడం, మరాఠీ కూడా ఉండేవి. 1959లో సిక్కా చెల్లుబాటు పూర్తిగా ఆగిపోయింది. తెలుగు రాష్ట్రాల సేకర్తలకు ఆ నోటే ఒక కల. నంబరు ఫ్యాన్సీదా కాదా అనే ప్రశ్న అక్కడ రెండో స్థానంలోకి పోతుంది.

ఈమధ్య బాగా ఊపందుకున్న ముచ్చట తేదీల నోట్లు. నంబరులోని ఆరు అంకెలను రోజు, నెల, సంవత్సరం కింద విడగొడతారు. 150847 అంటే స్వాతంత్ర్యం వచ్చిన రోజు. 011156 ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజు, 020614 తెలంగాణ అవతరించిన రోజు. అమ్మానాన్నల పెళ్లిరోజు, పిల్లల పుట్టినరోజు నంబర్లున్న నోట్లను ఫ్రేములో పెట్టి బహుమతిగా అమ్మే వ్యాపారం కూడా నడుస్తోంది. అభిమాన సంఘాలవాళ్ల వేట ఇంకో రకం. 220855 చిరంజీవి నోటు. 280523 ఎన్టీఆర్ నోటు. పైసా విలువ లేని అంకెల వరసకు ఇంత బంధుత్వం కలపడం జనానికే చేతనవుతుంది.

అసలు నోటు మీద నంబరు ఎందుకు వేశారు? ఎవరి సరదా కోసమూ కాదు. ఎన్ని నోట్లు అచ్చయ్యాయి, ఎన్ని బయటికి వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి అనే గుమాస్తా లెక్క కోసం. అయితే ఆ నంబరు రెండు చోట్ల ఉండటం వెనక ఒక పాత కథ ఉంది. 1861 కాగితపు కరెన్సీ చట్టం తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం దేశాన్ని కరెన్సీ సర్కిళ్లుగా విభజించింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు వంటి పెద్ద ఊళ్ల సరసన మన కాకినాడ పేరు కూడా నోట్లకెక్కింది, ఆనాటి స్పెల్లింగులో ‘కోకనాడ’గా. ఒక సర్కిల్ నోటుకు ఇంకో సర్కిల్లో డబ్బు ఇమ్మని హక్కుగా అడగడానికి లేదు. దూరాలకు సొమ్ము పంపాలంటే టపాయే గతి, టపా దారిలో దొంగల భయం. వర్తకులు ఒక ఉపాయం పట్టారు. నోటును నిలువునా రెండు ముక్కలు చేసి ముందు ఒక ముక్క పంపేవారు. అది క్షేమంగా చేరిందని జాబు వచ్చాక రెండోది. దారిలో ఒక ముక్క దొంగ చేతికి చిక్కినా వాడికది చిత్తుకాగితమే. అవతలివాళ్లు రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి నంబర్లు కలిశాయా లేదా చూసుకునేవారు. నంబరు రెండు వైపులా ఉండబట్టే అది సాధ్యమైంది. అలా తెగి, మళ్లీ అతుక్కున్న పాత నోట్లు ఇప్పుడు మ్యూజియాల్లో, వేలాల్లో కనిపిస్తాయి. చిరిగిన నోటును బ్యాంకుకు తీసుకెళ్తే ఈనాటికీ ఆ నంబరుకు పని ఉంది. ఒక నోటు సగాన్ని ఇంకో నోటు సగానికి అతికించి తెస్తే, ఆ అతుకుల బొంతకు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది.

నంబరు పక్కన చేరిన నక్షత్రానిది ఇంతకంటే కొత్త కథ. నోట్ల కట్టలో నూరు నోట్లూ వరస నంబర్లతో ఉండటం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అచ్చులో ఒక నోటు పాడైతే ఆ ఖాళీని ఎలా పూడ్చాలి? రిజర్వు బ్యాంకు 2006లో పది, ఇరవై, యాభై రూపాయల నోట్లతో ‘స్టార్ సిరీస్’ తెచ్చింది. ప్రిఫిక్స్‌కూ అంకెలకూ మధ్య ఒక చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. పాడైన నోటు స్థానంలో ఈ నక్షత్రపు నోటును కూర్చి నూరు పూర్తి చేస్తారు. కట్టలో నూరే ఉంటాయి కానీ వరస తప్పుతుంది. లోపల స్టార్ నోట్లున్నాయని కట్టకు చుట్టిన పట్టీ మీదే రాసి ఉంటుంది. 2016 చివర్లో వచ్చిన కొత్త అయిదు వందల నోట్లకూ ఈ నక్షత్రం వచ్చింది. 2006లో గవర్నరు కడప జిల్లా నుంచి వెళ్లిన వై.వి. రెడ్డి కాబట్టి, తొలి స్టార్ నోట్ల మీద ఉన్నది తెలుగువాడి సంతకమే. ఆయన తర్వాత వచ్చినవారు ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు. ఈ ఇద్దరి సంతకాలతో అన్ని విలువల స్టార్ నోట్లూ కూడబెట్టాలనుకునే తెలుగు సేకర్తలకు అది ఏళ్లు పట్టే పని.

పదిహేడేళ్లు చలామణిలో ఉన్న ఈ నక్షత్రానికి 2023లో గండం వచ్చింది. స్టార్ గుర్తు ఉంటే దొంగ నోటేనని వాట్సాప్‌లో ఎవరో పుట్టించారు. కొట్లవాళ్లు తీసుకోవడానికి భయపడ్డారు. ఆ జూలైలో రిజర్వు బ్యాంకు స్వయంగా ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. మిగతా నోట్లు ఎలాగో ఇదీ అలాగే, నిక్షేపంగా చెల్లుతుందని. పుకారు వేడిమీద ఉన్న ఆ రోజుల్లో జనం వదిలించుకున్న స్టార్ నోట్లను సేకర్తలు సంతోషంగా తీసుకునే ఉంటారు.

అచ్చుతప్పులది ఇంకో లోకం. రెండు మూలల్లో రెండు వేర్వేరు నంబర్లు పడ్డ నోటు, ఒక మూలన నంబరే లేని నోటు, అంకెల చక్రం సగం తిరిగి ఆగిపోవడంతో ఒక అంకె పైకి తేలిపోయిన నోటు. తనిఖీ దాటి ఇవి బయటికి రావడమే ఒక వింత. అందుకే ఫ్యాన్సీ నంబర్ల కంటే వీటికి గిరాకీ ఎక్కువ. మోసమూ ఎక్కువే. నంబరును గీకేసి ‘నంబరు లేని నోటు’గా అమ్మేవాళ్లుంటారు. భూతద్దం పెట్టి చూస్తే గీకిన చోట కాగితం పోగులు లేచి కనిపిస్తాయి.

ఇలాంటి పొరపాటు అమెరికాలో భారీ ఎత్తున జరిగింది. 2013 సిరీస్ ఒక డాలరు స్టార్ నోట్లను న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు కోసం వాషింగ్టన్ ప్రెస్సులోనూ వేశారు, టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్ ప్రెస్సులోనూ వేశారు, అవే నంబర్లతో. ఒకే నంబరున్న జతలు అరవై లక్షలకు పైగా జనంలోకి వెళ్లిపోయాయి. ఒక్క నోటుతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. దాని కవల దొరికితేనే పండగ. ఆ దేశమంతా చెదిరిపోయిన కవలలను కలపడానికి సేకర్తలు తమ దగ్గరున్న నంబర్లను ఒకరికొకరు చెప్పుకుంటూ వెతుకుతూనే ఉన్నారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగువాళ్ల పర్సుల్లోనూ ఇవి తిరుగుతూ ఉండొచ్చు. నంబరు ముందు ‘బి’, చివర నక్షత్రం, సిరీస్ 2013. ఆ మూడూ ఉంటే దాన్ని కాఫీకి ఇచ్చే ముందు ఒకసారి ఆలోచించుకోవాలి.

బ్రిటన్‌లో అయితే ఈ పిచ్చిని కేంద్ర బ్యాంకే మంచి పనికి వాడుకుంది. మూడో చార్లెస్ రాజు బొమ్మతో కొత్త నోట్లు 2024 జూన్ 5న చలామణిలోకి వచ్చాయి. మొదటి నంబరు నోట్లు రాజుగారికి వెళ్లాయి. తర్వాతి చిన్న నంబర్లను బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వేలం వేయించింది. 000002 నంబరున్న పది పౌండ్ల నోటు 17,000 పౌండ్లు పలికింది. యాభై పౌండ్ల నోట్లు నలభై ఉన్న కత్తిరించని షీటు, అంటే ముఖవిలువ రెండు వేలు, 26,000 పౌండ్లకు పోయింది. మొత్తం తొమ్మిది లక్షల పౌండ్లకు పైగా వచ్చిన సొమ్మును స్వచ్ఛంద సంస్థలకు పంచారు. అదే దేశంలో 2016లో ప్లాస్టిక్ అయిదు పౌండ్ల నోటు వచ్చినప్పుడు ‘ఏకే47’ అనే ప్రిఫిక్స్ కోసం జనం ఎగబడ్డారు. తుపాకీ పేరుతో కలిసిన ప్రిఫిక్స్ తప్ప ఆ నోట్లలో అరుదైనదేమీ లేదు. కొన్నాళ్లకు మోజు చల్లారింది.

నంబరు ఎంత గొప్పదైనా నోటు నలిగితే సగం ప్రాణం పోయినట్టే. సేకర్తలు ‘యూఎన్‌సీ’ అని పిలిచే స్థితి ఒకటుంది. చలామణిలో చేయి పడని, మడత లేని, పెళపెళలాడే నోటు. విదేశీ గ్రేడింగ్ సంస్థలు నోటును 70 మార్కుల కొలమానంలో తూచి ప్లాస్టిక్ తొడుగులో బిగించి పంపుతాయి. మధ్యలో ఒక్క మడత పడితే మార్కులు గడగడా పడిపోతాయి. పాత భారతీయ నోట్లకు మాత్రం ఒక విషయంలో మినహాయింపు ఇస్తారు. ఒకప్పుడు మన బ్యాంకుల్లో కట్టలకు లావుపాటి పిన్నులు కొట్టేవాళ్లు. కొత్త కట్ట విప్పాలంటే ఆ పిన్నులు పీకడమే ఒక పని, చీలిన గోరు ఒక గుర్తు. 2001లో రిజర్వు బ్యాంకు ఆ పిన్నులు మాన్పించి కాగితం పట్టీలు వేయమంది. అంతకు ముందు నోటు ఎంత కొత్తదైనా ఎడమ పక్కన రెండు చిన్న బొక్కలు, వాటి చుట్టూ కాస్త తుప్పు మరక ఉండటం మామూలు. అవి లేని పాత నోటు కనిపిస్తేనే అనుభవజ్ఞులు రెండోసారి చూస్తారు.

మన అలవాట్లకూ ఈ సరదాకూ అసలు పొత్తు కుదరదు. దసరా రోజుల్లో వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయాల్లో అమ్మవారికి నోట్లతో అలంకరణ చేస్తారు. సరికొత్త కట్టలు విప్పి, విసనకర్రల్లా, పువ్వుల్లా మడిచి, గోడల నిండా తోరణాలు కడతారు. భక్తులు చేతులు జోడిస్తుంటే సేకర్త మాత్రం ఆ మడతలు చూసి లోలోపల విలవిల్లాడతాడు. పెళ్లికొడుకు మెడలో వేసే నోట్ల దండదీ అదే కథ. ఇక పోపుల డబ్బాలో దాచిన నోటుకు పసుపు మరక, ఇంగువ వాసన ఉచితం. అమ్మమ్మ దాచినదని దాని విలువ ఇంట్లో ఎంతైనా ఉండొచ్చు, బజార్లో మాత్రం ఉండదు. కోస్తా జిల్లాల గాలిలోని చెమ్మ కూడా నోటుకు శత్రువే. చవక పీవీసీ ఆల్బంలో పెడితే కొన్నేళ్లకు ప్లాస్టిక్ జిగటగా మారి నోటుకు అంటుకుంటుంది. పాలియెస్టర్ తొడుగులు కాస్త ఖరీదైనా అవే మేలు.

ఇప్పుడు ఆ లక్షల కథ. ‘మీ దగ్గర 786 నోటు ఉందా? అయిదు లక్షలు మీవే’ అనే ప్రకటనలు ఫోన్లలో ఎడతెగకుండా తిరుగుతుంటాయి. నోటు ఫొటో పంపగానే ఆశ పుట్టించే ఫోను వస్తుంది. కొనడానికి సిద్ధమే, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలంటారు. అది కట్టాక జీఎస్టీ. తర్వాత కొరియర్ బీమా. చివరికి రిజర్వు బ్యాంకు ముద్రతో ఒక నకిలీ ఉత్తరం, దానికో పన్ను. అమ్మబోయినవాడే అడుగడుగునా చెల్లిస్తూ పోవడం ఈ బేరంలోని విచిత్రం. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు దీనిమీద జనాన్ని హెచ్చరించింది. తాము ఇలాంటి వ్యవహారాల్లో లేమని, ఎవరి నుంచీ రుసుములు, కమీషన్లు అడగమని చెప్పింది. నిజమైన వ్యాపారి నోటును చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి, ధర చెప్పి, డబ్బిచ్చి పంపిస్తాడు. ఆ ధర చాలాసార్లు ముఖవిలువ కంటే కాస్త ఎక్కువ, అంతే. దీన్ని పెట్టుబడి అనుకుని దిగడం తెలివైన పని కాదు. అమ్మబోయే రోజున అదే పిచ్చి ఉన్న మనిషి ఎదురుగా ఉండాలి, అతను దొరక్కపోతే చేతిలో ఉన్నది ఉత్త వంద రూపాయలు.

ఒక్కోసారి ఆ వంద కూడా కాదు. 2016 నవంబరు 8 రాత్రి పాత అయిదు వందలు, వెయ్యి నోట్లు రద్దయినప్పుడు ఫ్యాన్సీ నంబర్ల సేకర్తలు ఇరుకున పడ్డారు. బ్యాంకులో వేస్తే ముఖవిలువ దక్కుతుంది, నోటు పోతుంది. ఉంచుకుంటే చట్టం ఊరుకోదు. 2017లో వచ్చిన చట్టం ప్రకారం రద్దయిన నోట్లు ఒక మనిషి దగ్గర పదికి మించి ఉండకూడదు. అధ్యయనం, పరిశోధన, నోట్ల సేకరణ కోసమైతే ఇరవై అయిదు దాకా అనుమతి. మించితే పది వేల రూపాయలు గానీ, ముఖవిలువకు అయిదు రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అది జరిమానా. వెయ్యి రూపాయల నోట్లలో 111111 నుంచి 999999 దాకా తొమ్మిదీ కూడబెట్టినవాడికి ఇంకా పదహారు నోట్లకు చోటుంటుంది. మిగతా వికటకవులన్నీ 2016 డిసెంబరులో బ్యాంకు క్యూలో నిలబడాల్సిందే.

ఈ వేటలో ఉన్నవాళ్లను బాగా వేధించేది దొరకని నోటు కాదు, పక్కింటి నోటు. వంద రూపాయల్లో ఎన్టీఆర్ నోటు కోసం తిరిగే అభిమానికి ఒకరోజు టీ కొట్టు చిల్లరలో 280522 తగలొచ్చు. ఇంకో ఆరు నెలలకు అదే ప్రిఫిక్స్‌తో 280524 వచ్చినా ఆశ్చర్యం లేదు. కట్టలు 01తో మొదలై 00తో ముగుస్తాయి కాబట్టి ఆ రెండూ ఒకే కట్టలోవి. 280501 నుంచి 280600 దాకా ఉన్న ఆ నూరు నోట్లలో ఇరవై మూడోది కూడా ఆ రోజు, ఆ కౌంటరు దగ్గరే, వీటి మధ్యలోనే ఉంది. పట్టీ తెంచిన కాసేపటికి అది ఎవరి చేతిలో పడిందో, వాళ్లు దానితో ఏం కొన్నారో.